క్లాసులు వినడానికి ఇయర్‌ఫోన్స్: నాలుగు జతలు మార్చాక తెలిసినవి

తెలంగాణ గ్రూప్-2 ప్రిపరేషన్‌లో నేను కొన్న మొదటి పుస్తకం ఏదో గుర్తు లేదు గానీ, రాసుకున్న మొదటి తప్పుడు నోట్సు మాత్రం బాగా గుర్తుంది. "243-బి: పంచాయతీల్లో రిజర్వేషన్లు" అని రాజ్యాంగ అధికరణ నంబరును ఎర్ర పెన్నుతో రాసి, కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను. మూడు వారాల తర్వాత రివిజన్‌లో మా రూమ్మేట్ అక్క అది చూసి, "ఇది డి కదా, బి అని రాశావేమిటి?" అంది. రికార్డింగ్ మళ్లీ పెట్టాం. ఫోను స్పీకర్‌లో సార్ శుభ్రంగా "డి" అంటున్నారు. నా నెక్‌బ్యాండ్‌లో వింటే అదే అక్షరం బి కావచ్చు, డి కావచ్చు, జి కూడా కావచ్చు. అంతకు ముందు రోజు వరకు ఆ నెక్‌బ్యాండ్‌ను "సౌండ్ అదిరిపోతుంది" అని ఇద్దరి చేత కొనిపించిన దాన్ని నేను.

ముందే ఒక మాట. నాకు ఆ నోటిఫికేషన్‌లో ఉద్యోగం రాలేదు. ఇంకా చదువుతూనే ఉన్నాను. కాబట్టి దీన్ని విజేత సలహాగా తీసుకోకండి. కానీ 2022 డిసెంబరు చివర్లో 783 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పటి నుంచి, నాలుగు తేదీలు మారి 2024 డిసెంబరు 15, 16న పరీక్ష జరిగేదాకా రోజుకు ఐదారు గంటలు చెవిలో ఏదో ఒకటి పెట్టుకునే బతికాను. ఆ రెండేళ్లలో నాలుగు జతలు మారాయి. పుస్తకాల జాబితాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. దీని గురించి మాత్రం ఎవరూ చెప్పరు, చెప్పినా పాటలు వినేవాళ్ల కోసం చెబుతారు.

మనం పాటలు వినం. మనం వినేది ఒక మనిషి గొంతు, అది కూడా చాలాసార్లు తక్కువ రకం మైకులో, ఫ్యాను చప్పుడుతో కలిపి రికార్డు చేసింది, దాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో పెట్టి. బి, డి, జి, ఇ, ఈ నాలుగు అక్షరాలనూ ఇంగ్లీషులో పలికి చూడండి. చివర్లో సాగే "ఈ" అన్నింటికీ ఒకటే. తేడా అంతా మొదట్లో వచ్చే చిన్న విరుపులోనే ఉంటుంది. మాటలో హల్లులను విడదీసి చూపించేది ఎక్కువగా వెయ్యి నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య ఉండే శబ్దం. గొంతులోని బరువు, గంభీరం ఆ కింద వంద, రెండు వందల దగ్గర ఉంటాయి. బేస్ ఎక్కువ పెట్టిన ఇయర్‌ఫోన్‌లో ఆ కింది శబ్దం లేచి పైదాన్ని కప్పేస్తుంది. సార్ గొంతు రేడియో ప్రకటనలాగా ఘనంగా వినిపిస్తుంది, అధికరణ నంబరు మాత్రం పోతుంది.

అందుకే మూడో జత కొనడానికి జగదీష్ మార్కెట్‌కు వెళ్లినప్పుడు నా పరీక్ష ముక్కను ఫోనులో పెట్టుకుని వెళ్లాను. స్థానిక సంస్థల క్లాసులోంచి ఒక నిమిషం: 243-బి పంచాయతీల ఏర్పాటు, సి నిర్మాణం, డి రిజర్వేషన్లు, ఇ కాలపరిమితి, జి అధికారాలు. నంబర్లు చూడకుండా విని, వరసగా చేతి మీద రాసుకోవాలి. తప్పు పడితే ఆ జత పక్కకు. షాపతను నా చెవిలో పెట్టగానే దడదడలాడే పాట ఒకటి వేసి "బేస్ చూడండి మేడమ్" అన్నాడు. నేను "ఒక్క నిమిషం అన్నా" అని ఫోను తీసి పంచాయతీరాజ్ పెట్టేసరికి అతని మొహం చూడాల్సింది.

రెండో ముక్క "రాష్ట్ర శాసనసభ స్పీకర్" అనే మాట ఉన్నది. స, శ, ష అన్నీ ఒకే చోట దొరుకుతాయి. కొన్ని జతల్లో బేస్ తగ్గించి పై శబ్దాన్ని మరీ పెంచుతారు. మొదటి ఐదు నిమిషాలు "అబ్బ, ఎంత క్లియర్‌గా ఉంది" అనిపిస్తుంది. గంట గడిచాక ప్రతి "స" సూదిలా దిగుతుంది. అరగంట క్లాసుకే తలనొప్పి వస్తోందంటే సబ్జెక్టును తిట్టుకునే ముందు ఇది చూసుకోండి. నేను ఆర్థిక వ్యవస్థ పేపర్‌ను చాలాకాలం అన్యాయంగా తిట్టాను.

ఈ రెండు పరీక్షలకు మీకు బాగా తెలిసిన గొంతే కావాలి. నేను ఆ సార్ క్లాసులో నాలుగు నెలలు నేరుగా కూర్చున్నాను, హాల్లో ఆయన గొంతు ఎలా ఉంటుందో తెలుసు. దానికి దగ్గరగా వినిపించిందే నాకు మంచి ఇయర్‌ఫోన్. ఇంతకు మించిన కొలత నాకు దొరకలేదు.

ధర సంగతి. ఎక్కువ పెడితే సౌండ్ బాగుంటుందని మనందరికీ ఒక నమ్మకం. 2017లో అమెరికా అకౌస్టికల్ సొసైటీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 283 హెడ్‌ఫోన్లు ఏ శబ్దాన్ని ఎంతగా పలికిస్తాయో కొలిచి, ధరతో పోల్చి చూస్తే రెండింటికీ చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదట. అది చదివినప్పుడు నాకు సంతోషం, బాధ రెండూ కలిగాయి. బాధ ఎందుకంటే అప్పటికే డబ్బు పెట్టేశాను.

అయితే అసలు గుట్టు ఇయర్‌ఫోన్‌లో కాదు, దాని చివరనుండే రబ్బరు టిప్‌లో ఉంది. డబ్బాలో చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో మూడు జతలు ఇస్తారు కదా, మధ్యవి తగిలించే వస్తాయి. మిగతా రెండింటినీ మనం డబ్బాతో సహా పారేస్తాం. నేనూ పారేశాను. టిప్ చెవి రంధ్రాన్ని పూర్తిగా మూయకపోతే అడుగు శబ్దం బయటికి కారిపోతుంది, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పలచబడుతుంది. బాగాలేదని తిట్టుకున్న జతల్లో సగం తప్పు ఇదే అయి ఉంటుంది. చూసుకోవడానికి ఒక చిన్న పద్ధతి: క్లాసు నడుస్తుండగా ఇయర్‌ఫోన్‌ను వేలితో కొంచెం లోపలికి నొక్కండి. గొంతు ఒక్కసారిగా నిండుగా మారితే, అప్పటిదాకా సందు ఉన్నట్టే. ఇంకోటి, ఏ శబ్దమూ పెట్టకుండా రెండు చెవుల్లో పెట్టుకుని నోరు మూసి "ఊఁ" అనండి. మీ గొంతు రెండు చెవుల్లోనూ ఒకేలా గుయ్‌మని మోగాలి. నాకు ఎడమవైపు మోగేది, కుడివైపు మోగేది కాదు. అప్పుడు తెలిసింది నా కుడి చెవి రంధ్రం చిన్నదని. ఇప్పుడు ఎడమ చెవికి మధ్య సైజు, కుడి చెవికి చిన్న సైజు వాడుతున్నాను. ఒకే సైజు వాడాలని రాజ్యాంగంలో ఏమీ లేదు.

పెట్టుకునేటప్పుడు కూడా ఎదురు చేత్తో చెవి డొప్పను పైకి, వెనక్కి కొంచెం లాగండి. లోపలి దారి తిన్నగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది. అలా లాగితే తిన్నగా అయి టిప్ సులువుగా కూర్చుంటుంది. మరీ లోపలికి పోతే కొందరికి దగ్గు వస్తుంది. చెవి నాళానికి వచ్చే ఒక నాడీ కొమ్మ గొంతుకు సంబంధించిన నాడిదే. మా రూములో ఒకమ్మాయి ఇయర్‌ఫోన్ పెట్టుకున్నప్పుడల్లా దగ్గితే మేము జలుబనుకుని మిరియాల పాలు తాగించాం.

ఇక నొప్పి. మూడో జత 1400 రూపాయలది, తీగ చెవి పైనుంచి వెనక్కి తిప్పి పెట్టుకునే రకం. గొంతు విషయంలో నేను విన్న అన్నింటిలో అదే ఉత్తమం. ఐదు అక్షరాలూ ఐదు ముత్యాల్లా విడివిడిగా పలికేవి. ఇంటికి తెచ్చి మొదటి రోజు రెండు క్లాసులు విన్నాను. మూడో దానిలో, గంటన్నర దాటాక, కుడి చెవి డొప్ప అడుగున ఒక్క బిందువు దగ్గర నొప్పి మొదలైంది. ఇయర్‌ఫోన్ ఒంటికి ఉన్న చిన్న అంచు అక్కడే ఆనుతోంది. మధ్యాహ్నానికి ఆ చోటు ఎర్రబడింది. పైగా నాకు కళ్లద్దాలు. కళ్లద్దాల కొమ్మ, దాని మీద తీగ, కింద కమ్మ, వెనక జడ. ఎవరైనా పిలిస్తే ఒక చెవిలోంచి తీయాలన్నా నాలుగింటినీ సర్దుకోవాలి. ఒకసారి కంగారులో లాగితే కమ్మ శీల ఊడి మంచం కిందికి దొర్లింది. స్థానిక సంస్థల క్లాసు ఆపి, టార్చి వేసి, ముగ్గురం వెతికాం.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది: కొన్న రోజున ఏమీ వినను. శబ్దం లేకుండా చెవిలో పెట్టుకుని మూడు గంటలు పుస్తకం చదువుతాను. పెట్టుకున్న సంగతి మర్చిపోతే అది నాది. మొదటి గంట అన్నీ బాగానే ఉంటాయి, మూడో గంటలోనే తెలుస్తుంది. షాపులో రెండు నిమిషాలు పెట్టి చూస్తే సౌండ్ తెలుస్తుందేమో గానీ సౌఖ్యం తెలియదు. అందుకని తిరిగి తీసుకుంటారా లేదా అనేది కొనే ముందే అడగండి. చెవిలో పెట్టేవి కాబట్టి చాలాచోట్ల తీసుకోరు. షాపులో చూసేటప్పుడు మీ టిప్స్ మీరే తీసుకెళ్లి తగిలించుకోండి. మా అశోక్‌నగర్ హాస్టల్లో దువ్వెనలు పంచుకున్నాం, చార్జర్లు పంచుకున్నాం. ఇయర్‌ఫోన్స్ పంచుకోవడం మాత్రం మానేశాం.

ఎందుకంటే 2023 వానాకాలంలో నాకు చెవి దురద మొదలై, తర్వాత నీరు కారి, చెవి డాక్టరు దాకా వెళ్లాల్సి వచ్చింది. చెమట, తడి తల, రోజంతా మూసి ఉన్న రంధ్రం, దురద పుడితే దూది పుల్ల: అన్నీ నేను చేసినవే. రెండు వారాలు చెవిలో ఏమీ పెట్టొద్దన్నారు. ఆ రెండు వారాలు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని పుస్తకం చదివాను. నిజం చెప్పాలంటే ఆ పక్షం రోజుల్లో చదివింది ఇప్పటికీ బాగా గుర్తుంది, ఎందుకో మరి. తర్వాత నుంచి తలస్నానం చేశాక చెవులు పూర్తిగా ఆరితే తప్ప పెట్టుకోను. గంటకోసారి తీసి పది నిమిషాలు గాలి తగలనిస్తాను. వారానికోసారి టిప్స్ విడదీసి సబ్బు నీళ్లతో కడిగి ఆరబెడతాను. ఒకసారి కుడివైపు శబ్దం సగానికి పడిపోతే పాడైందనుకుని పారేయబోయాను. అక్క దాన్ని దీపం దగ్గర పెట్టి చూసి నవ్వింది. జాలీ నిండా గులిమి. జాలీ వైపు కిందికి పెట్టి, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా దులిపితే మళ్లీ పలికింది. సిగ్గు వేసింది గానీ 650 రూపాయలు మిగిలాయి.

వాల్యూమ్ గురించి ఒక లెక్క చెబుతాను, మనకు లెక్కలు ఇష్టం కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే పరిమితి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10. రోజుకు ఆరు గంటలు వినే మనిషి 86 దగ్గర వింటే వారం కోటా మంగళవారం మధ్యాహ్నానికే అయిపోతుంది. మనం వాల్యూమ్ పెంచేది చెవుడు వచ్చి కాదు, ఫ్యాను, పక్క గది టీవీ, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ హారన్ల వల్ల. టిప్ సరిగ్గా మూస్తే బయటి గోల లోపలికి అంతగా రాదు, నా వాల్యూమ్ అందువల్లే మూడు గీతలు తగ్గింది. బస్సు ఇంజను, ఫ్యాను లాంటి ఒకే తీరు హోరును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి కూడా ఇప్పుడు అందుబాటు ధరలో వస్తున్నాయి. కానీ పక్కవాళ్ల మాటలను అవి అంతగా ఆపలేవు. నలుగురున్న గదిలో ఒకే ప్లగ్గు ఉంటే చార్జింగ్ అనేది ఒక తగాదా. అందుకే నేను తీగ దానికే ఓటు వేశాను. హెడ్‌ఫోన్ రంధ్రం లేని ఫోను అయితే టైప్-సి తీగ ఉన్నది చూసుకోండి.

ఒక చెవిలోనే పెట్టుకుని వినే అలవాటు ఉంటే మానండి. రెండు చెవులతో వింటే అదే శబ్దం ఎక్కువగా వినిపిస్తుంది. ఒక్క చెవితో అయితే తెలియకుండానే పెంచేస్తాం.

నాలుగో జతే ఇప్పటికీ వాడుతున్నాను. చిన్న తుపాకీ గుండు ఆకారం, బరువు తెలియదు, తీగ నేరుగా కిందికి దిగుతుంది, కళ్లద్దాలతో గొడవ లేదు. తీగ చున్నీకి రాసుకుంటే చెవిలో గరగర వినిపిస్తుంది, దానికో చిన్న క్లిప్పు పెట్టాను. పోల్చి వింటే గొంతు మూడో దానికన్నా ఒక మెట్టు తక్కువే. జి, డి మధ్య అప్పుడప్పుడు ఆగి వెనక్కి వెళ్లి వినాల్సి వస్తుంది. అయినా ఆరో గంటలో కూడా చెవిలో ఉంటుంది.

మూడో జతను మా తమ్ముడికి ఇచ్చేశాను. వాడు పోలీసు ఉద్యోగానికి చదువుతున్నాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా అదే పెట్టుకుని తిరుగుతాడు. నొప్పి లేదా అని అడిగితే "ఎక్కడ అక్కా?" అన్నాడు.