బాలానగర్‌లో నాలుగు హబ్‌ల కోసం

మా రోబోకాన్ (కాలేజీల రోబో పోటీ) టీమ్‌కి చక్రాల హబ్‌లు, అంటే చక్రాన్ని మోటారు షాఫ్ట్‌కి (తిరిగే కడ్డీకి) బిగించే మధ్య ముక్కలు, నాలుగు కావాలి. 6061 అనే రకం అల్యూమినియంతో, మధ్యలో 8 మిల్లీమీటర్ల బోరు, అంటే రంధ్రం. హైదరాబాద్ బాలానగర్‌లో మూడు లేత్ షాపులు తిరిగాను, నాలుగే పీసులా అని ఎవరూ ఒప్పుకోలేదు. వాళ్లదీ న్యాయమే, నాలుగింటికైనా నలభైకైనా మిషన్ సెట్టింగ్‌కి పట్టే టైమ్ ఒకటే కదా.

నాలుగో షాపులో పెద్దాయన నా ఫోన్‌లో త్రీడీ మోడల్ చూడనే లేదు. "కాగితం మీద కొలతలేవి బాబూ? షాఫ్ట్ తెచ్చావా?" అన్నారు. మర్నాడు డ్రాయింగ్ ప్రింట్, మోటారు రెండూ పట్టుకెళ్లాను. బోరుకి 8 హెచ్7 అని రాశాం, అంటే 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 0.015 కన్నా ఎక్కువ పెరగకూడదు. ఆయన కాస్త తక్కువ సైజు డ్రిల్ వేసి, తర్వాత రంధ్రాన్ని సరిగ్గా సైజుకి తెచ్చే రీమర్ తిప్పి, షాఫ్ట్ దూర్చి చూపించారు. ఊగలేదు, ఇరుక్కోలేదు, నాకైతే ప్రాణం లేచొచ్చింది. బయటి వ్యాసానికి అంత కచ్చితం దేనికని అది కొట్టేయించి, ఖర్చు కూడా ఆయనే తగ్గించారు.

వచ్చే వారం గేర్ ప్లేట్ పని, మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తున్నాను.