జీపుకు డీజిల్ ట్యాంకు కట్టించుకున్నాను

పాత మహీంద్రా జీపుల్లో చాలావాటికి డీజిల్ ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా మనుషులను కాపాడే ఇనుప చట్రం) కట్టించి, బకెట్ సీట్లు కిందికి దించి బిగించాలనుకునేసరికి మా జీపులో దానికి చోటు లేకుండా పోయింది. మిగిలింది ఒక్కటే: వెనక ఇరుసు దాటాక ఛాసిస్ మధ్య ఉన్న ఖాళీ.

ఎవరిని కదిలించినా ముందు అడిగేది ఎన్ని లీటర్లని. మా బండి హైవే మీద లీటరుకు పది ఇస్తుంది. మైపాడు బీచ్ ఇసుకలో లో గేరు వేస్తే అందులో సగం కూడా రాదు. నెల్లూరు నుంచి ఉదయగిరి సుమారు వంద కిలోమీటర్లు. రానూపోనూ, అక్కడి రాళ్ల దారుల్లో తిరిగేది కూడా కలుపుకుంటే 40 లీటర్లు సరిపోతాయి. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 25 లోతు పెడితే 60 లీటర్లు పడతాయి. మన ఎండలకు డీజిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి పైన పదో వంతు ఖాళీ వదిలితే 54. వంద లీటర్లది పెట్టించుకోమన్నవాళ్లూ ఉన్నారు. వంద లీటర్ల డీజిలంటే ఎనభై కిలోల పైమాటే, అదంతా వెనక ఇరుసుకు అవతల వేలాడుతుంది. పైగా లోతు పెరిగితే వాగు గట్టు ఎక్కేటప్పుడు మొదట నేలకు తగిలేది ట్యాంకే.

రేకు విషయంలో మాత్రం చాలా ఊగిసలాడాను. 3 ఎంఎం అల్యూమినియంతో ఈ కొలతకు డబ్బా ఎనిమిది కిలోలు తూగుతుంది, 2 ఎంఎం ఇనుముతో పదిహేను. తుప్పు భయం లేదు కాబట్టి అల్యూమినియం మీదే మనసు పోయింది. కానీ దాన్ని ఆర్గాన్ వెల్డింగ్‌తో శుభ్రంగా అతికే చెయ్యి కావాలి, రేపు సీతారాంపురం అవతల ఎక్కడో పగిలితే అతికేవాళ్లు దొరకరు. ఇనుమైతే ఏ ఊళ్లోనైనా వెల్డింగ్ షాపు ఉంటుంది. ఏడు కిలోల తేడాకు అంత టెన్షన్ ఎందుకని ఇనుమే ఖాయం చేశాను. తుప్పు పట్టదు కదా అని జీఐ షీటుతో (జింకు పూత పూసిన ఇనుప రేకు) చేస్తామన్నవాళ్లు ఉన్నారు, దానికి మాత్రం ఒప్పుకోకూడదు. జింకు పూత డీజిల్‌తో కలిసి సబ్బులాంటి పదార్థం తయారవుతుంది, అది ఫిల్టర్లనూ ఇంజెక్టర్లనూ పట్టేస్తుంది.

ఆటోనగర్‌లో పని అప్పగించిన పెద్ద మేస్త్రీ లీటర్ల మాట పెద్దగా పట్టించుకోలేదు. "అబ్బాయా, బయట గీత పడితే కనపడుద్ది. లోపల అడ్డ రేకులు లేకపోతే బండి ఆగిందాకా తెలవదు" అన్నాడు. ఆయన చెప్పింది నేను చూసిందే. మా స్నేహితుడి జీపులో మూడో వంతు డీజిల్ ఉంది, గట్టు ఎక్కుతుండగా అదంతా ఒక్కసారిగా వెనక్కి పోయింది, ముందు మూలలో ఉన్న పైపు గాలి పీల్చింది. ఇంజన్ ఆగింది. ఆ ఏటవాలులో ఫీడ్ పంపు కొట్టి కొట్టి ఎయిర్ తీసేసరికి చేతులు పడిపోయాయి.

అందుకే మా ట్యాంకులో రెండు అడ్డ రేకులు పెట్టించాను. వాటి కింది మూలలు కత్తిరిస్తే డీజిల్ మెల్లగా అటూ ఇటూ పారుతుంది, పై మూలలు కత్తిరిస్తే గాలి ఆడుతుంది. మధ్యలో అడుగున చిన్న గుంత చేయించి, పీల్చే పైపు అందులోకి దించాం. బండి ఎటు వాలినా డీజిల్ చివరగా మిగిలేది అక్కడే. పైపు మూతి అడుగుకు ఆనకుండా ఒక సెంటీమీటరు పైనే ఆగాలి, లేకపోతే నీళ్లూ మడ్డీ కూడా లాగేస్తుంది. ఆ మడ్డి తీయడానికి గుంత కింద డ్రెయిన్ ప్లగ్ ఉంది. ఇంజన్ వాడగా మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపును మాత్రం దూరంగా, అవతలి అరలో పెట్టించాను. అది తెచ్చే నురగ మళ్లీ ఇంజన్‌లోకి పోకూడదు.

గాలి పైపును రోల్ కేజ్ ఎత్తుదాకా తీసుకెళ్లి, బండి పల్టీ కొడితే మూసుకుపోయే వాల్వు బిగించాను. బంకులో డీజిల్ ఎదురు చిమ్మకుండా మూతి దగ్గరికి ఇంకో సన్న పైపు.

బిగింపులో మేస్త్రీకీ నాకూ వాదన జరిగింది. ఆయన నాలుగు మూలలా బోల్టులు వేద్దామన్నాడు. కానీ ఒక చక్రం రాయి మీద, ఇంకోటి గుంటలో ఉన్నప్పుడు ఛాసిస్ మెలితిరుగుతుంది, ఆ మెలిక ట్యాంకు అతుకుల మీద పడుతుంది. "పట్టీలు వేద్దాం అన్నా, కింద రబ్బరు పెట్టి" అని నేనంటే చివరికి ఒప్పుకున్నాడు.

లీకు చూడటానికి కంప్రెసర్ గొట్టం తగిలించబోతే ఆపాను. 0.2 బార్ ఒత్తిడికే పై రేకు మీద దాదాపు అర టన్ను బలం పడుతుంది. అంతకు మించనివ్వకుండా గేజి చూసుకుంటూ సైకిల్ పంపుతో గాలి కొట్టి, అతుకులకు సబ్బు నీళ్లు రాశాం. ఒక మూల బుడగలొచ్చాయి. ఆ గాలి వదిలేసి మళ్లీ అతికించాం. అప్పటికి లోపల డీజిల్ చుక్క పడలేదు కాబట్టి నిశ్చింతగా అతికాం. వాడిన ట్యాంకైతే ఆవిరి మిగిలి పేలే ప్రమాదం ఉంది, దాన్ని వెల్డింగుకు ఎవరూ తేకూడదు.

బయట ఎపాక్సీ ప్రైమర్, పైన నల్ల పెయింటు, అడుగున 4 ఎంఎం ప్లేటు. డీజిల్ మట్టం చూపే ఫ్లోటూ మీటరూ పాతవే, వాటి ఓములు (కరెంటు నిరోధం) కలవకపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. కొత్త లోతుకు తగ్గట్టు ఫ్లోటు చువ్వ వంచి, ఐదేసి లీటర్లు పోస్తూ ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నాను. ముల్లు పావు దగ్గరికి వస్తే ఇంకా 17 లీటర్లు ఉన్నట్టు. డ్యాష్‌బోర్డు మీద తెల్ల పెయింటుతో ఆ అంకె రాసిపెట్టాను.