ఫోను మాది, పెట్టె మీది

భీమవరం దగ్గర రొయ్యలు కొని ఎగుమతికి పంపే ఒక కంపెనీలో కంప్యూటర్లు, నెట్టు చూసుకునే పని నాది. మా స్టాఫ్‌లో సగం మంది ఆఫీసులో కనపడరు. తెల్లవారుజామున మూడింటికే ఆకివీడు, కాళ్ళ, మొగల్తూరు వైపు చెరువు గట్ల మీద ఉంటారు. చెరువులో రొయ్యల పట్టుబడి జరుగుతుంటే కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో చూసి, తూకం ఫోటో తీసి, దాంతోపాటు రైతు పాస్‌బుక్కూ ఆధార్ కార్డూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేస్తారు. అన్నీ సొంత ఫోన్లే.

నిరుడు మా కుర్రాడొకడు ట్రాఫిక్ చలానా అని వచ్చిన ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, నొక్కాడు. మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే ఇచ్చేశాడు. ఓటీపీలు అవతలివాడికి చేరాయి, ఖాతాలోంచి 18 వేలు పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం. ఈలోగా అతని వాట్సాప్ నుంచి అదే ఫైలు రైతుల గ్రూపులకీ వెళ్ళిపోయింది. "చలానా పంపారేంటండీ, నాకు బండే లేదు కదా" అని ఒక రైతు ఫోన్ చేశాకే ఆ సంగతి మాకు తెలిసింది.

ఓనరు గారు వారంలో రూల్స్ పెట్టెయ్యమన్నారు. నేను నెట్‌లో దొరికిన ఒక నమూనా పట్టుకుని 11 రూల్స్ రాసి నోటీసు బోర్డుకి అంటించాను. నిమిషం వాడకపోతే లాక్ పడాలి, ఆరంకెల పిన్ ఉండాలి, ఫోన్ పోతే అందులో ఉన్నదంతా ఆఫీసు చెరిపేస్తుంది, ఇలా. పక్కనే సంతకాల కాగితం. వారానికి పడ్డవి నాలుగు సంతకాలు, అందులో ఒకటి నాదే. కింద ఎవరో పెన్సిల్‌తో "ఫోను కూడా మీరే కొనండి" అని రాశారు. కోపం వచ్చింది గానీ, రాసినవాడిది తప్పని అనలేకపోయాను.

మా సీనియర్ సూపర్‌వైజర్ గారు సరేనంటే మిగతావాళ్ళు సరేనంటారు. ఒకరోజు ఆయన బండి వెనక ఎక్కి పట్టుబడికి వెళ్ళాను. ఐసులో పెట్టిన చేతులకి వేలిముద్ర పడదని అక్కడే తెలిసింది. నిమిషానికో లాక్ పడితే, తడి చేత్తో ఆరంకెలు కొట్టేలోపు తూకం అయిపోతుంది. సాయంత్రం అదే ఫోన్ మనవడి ఆటలకి పోతుంది. టీ తాగుతూ ఆయన అడిగారు: "బాబూ, మా ఆవిడ ఫోటోలు మీ కంప్యూటర్లో కనపడతాయా?" కనపడవన్నాను. "మీరు కాదంటే సరిపోద్దాండీ?"

ఆ మాటతోనే దారి మార్చాను. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అని ఉంటుంది. ఆఫీసు యాప్‌లు ఫోన్‌లోనే విడిగా ఒక అరలో ఉంటాయి, వాటి మీద చిన్న బ్రీఫ్‌కేసు గుర్తు కనపడుతుంది. మావాళ్ళు దాన్ని 'పెట్టె' అంటున్నారు. లాక్ పెట్టెకి మాత్రమే పెట్టొచ్చు, ఫోన్ పోతే పెట్టె వరకే చెరపొచ్చు. ఇదంతా నోటితో చెప్తే ఎవరు నమ్ముతారు? మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి, టీవీలో నా అడ్మిన్ స్క్రీన్ పెట్టి, నా ఫోన్ సూపర్‌వైజర్ గారి చేతికిచ్చి, చెరిపే బటన్ నొక్కేశాను. పెట్టె మాయమైంది. ఆయన గ్యాలరీ తెరిచి మా పాప ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూశారు. ముందు రోజు రాత్రి రెండుసార్లు నొక్కి చూసుకున్నా, ఆ నిమిషం నాకు గుండె దడే.

అసలు కష్టం ఓనరు గారితో వచ్చింది. "ఎలాగూ పెడుతున్నాం కదా, ఎవరు ఎక్కడున్నారో కూడా తెలిసేలా పెట్టెయ్" అన్నారు. పెడితే ఒక్కరు కూడా చేరరని చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత ఒప్పుకున్నారు. ఫోటోలు, కాల్స్, సొంత వాట్సాప్, లొకేషన్ ఆఫీసు చూడదని కాగితం మీద రాసి, ముందు ఆయన చేతే సంతకం పెట్టించాను. మొదటి పెట్టె కూడా ఆయన ఫోన్‌లోనే.

11 రూల్స్ నాలుగుకి దిగాయి. పెట్టెకి పది నిమిషాల లాక్, రైతు కాగితాలు పెట్టెలోనే, లింకులో వచ్చిన యాప్ ఎక్కించొద్దు, ఫోన్ పోతే వెంటనే చెప్పాలి. చెప్పినవాళ్ళని తిట్టకూడదని ఓనరు గారి వైపు నుంచి ఒకటి. పాత ఫోన్లున్న ఐదుగురికి ఆఫీసే కొత్తవి కొంది. పెన్సిల్ రాత గెలిచినట్టే. వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చిందని చెప్పినప్పుడు ఎవరూ తలెత్తలేదు. "మీ బావ ఆధార్ కార్డే ఇలా బయటికి పోతే?" అన్నప్పుడు మాత్రం గది నిశ్శబ్దమైంది. ఇక్కడ ప్రతి చెరువూ ఎవరో ఒకరి చుట్టానిదే మరి.

ఇప్పటికీ ఇద్దరు చేరలేదు. వాళ్ళు రైతు కాగితాలు ఫోటో తీయరు, ఆఫీసుకే తెస్తారు.

మొన్న సూపర్‌వైజర్ గారు ఫోన్ నరసాపురం రైల్లో మర్చిపోయారు. పక్కవాళ్ళ ఫోన్ అడుక్కుని నాకు చేశారు: "బాబూ, సిమ్ ఆపించమంటారా, ముందు మీరు నొక్కుతారా?" ఫోన్‌కి నెట్ ఉంటేనే చెరిపే ఆర్డరు చేరుతుంది కాబట్టి ముందు నేను నొక్కాను, ఆ వెంటనే సిమ్ ఆపించాం. తర్వాత పోలీసు ఫిర్యాదు కాపీతో ప్రభుత్వ సైటు సంచార్ సాథీలో ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు, బ్లాక్‌కి పెట్టించాను. ఆయన బాధంతా మనవడి ఆటలో పాయింట్లు పోయాయనే.