కొత్త ట్యాంకు కట్టేముందు పాత ట్యాంకు సంగతి చూడండి

మురుగునీటి ప్లాంటు లోడ్ తట్టుకోవట్లేదు అనగానే పక్కన ఇంకో ఏరేషన్ ట్యాంకు (గాలి ఊది, బాక్టీరియాతో మురుగుని శుద్ధి చేసే ట్యాంకు) కట్టేద్దాం అంటారు. స్థలం, డబ్బు ఉంటే సరే. కానీ చాలాచోట్ల అసలు ఇబ్బంది ట్యాంకు చిన్నదని కాదు, ఉన్న ట్యాంకులో కావలసినంత బాక్టీరియా నిలవట్లేదని, ముఖ్యంగా అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే నైట్రిఫయర్లు.

ఇవి బాగా నెమ్మదిగా పెరుగుతాయి, నీళ్లు చల్లబడితే ఇంకా నెమ్మది. అవి పెరిగే వేగం కంటే మనం స్లడ్జ్ (బాక్టీరియా ఉండే బురద) తీసేసే వేగం ఎక్కువైతే కొన్నాళ్లకి ట్యాంకులో మిగలవు. పోనీ స్లడ్జ్ ఎక్కువ ఉంచుదామా అంటే ఆ భారమంతా సెకండరీ క్లారిఫయర్ (స్లడ్జ్‌ని అడుగుకి దించి తేటనీటిని వేరుచేసే ట్యాంకు) మీద పడి, వర్షం వచ్చి ప్రవాహం పెరిగిన రోజున స్లడ్జ్ కాస్తా శుద్ధి చేసిన నీళ్లతో కలిసి బయటికి పోతుంది. బయోఫిల్మ్, అంటే దేనికైనా అంటుకుని పెరిగే బాక్టీరియా పొర, పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. వాగులో బండకి పాకుడు పట్టినట్టు బాక్టీరియా మీడియాకి, అంటే ట్యాంకులో పోసే చిన్న ప్లాస్టిక్ ముక్కలకి, పట్టుకుని ట్యాంకులోనే ఉండిపోతుంది, క్లారిఫయర్ దాకా వెళ్లదు. పాత స్లడ్జ్ రిటర్న్ (క్లారిఫయర్‌లో దిగిన స్లడ్జ్‌ని మళ్లీ ట్యాంకుకి పంపడం) అలాగే ఉంచి మీడియా కలిపితే దాన్ని ఐఫాస్ (IFAS) అంటారు, రిటర్న్ లేకుండా మీడియా మీదే నడిపితే ఎంబీబీఆర్ (MBBR).

నార్వేలో 1980ల చివర్లో మొదలైన పద్ధతి ఇది. అప్పటి కే1 (K1) రకం మీడియా ముక్క సుమారు 9 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం, లోపల ప్లస్ గుర్తులా అడ్డగోడలు, బయట సన్నటి రెక్కలు. నీటికంటే కాస్త తేలికైన పాలిథిలీన్. ఒక ఘనమీటరు ముక్కల్లో బయోఫిల్మ్‌కి దాదాపు 500 చదరపు మీటర్ల చోటు దొరుకుతుంది. బాగా పనిచేస్తున్న ముక్కని బయటికి తీసి చూస్తే లోపలి గోడలకి పల్చటి గోధుమరంగు పొర ఉంటుంది, బయటివైపు మాత్రం ఒకదానికొకటి రాసుకుని దాదాపు శుభ్రంగా ఉంటుంది.

నాకు బాధ కలిగించేది ఏంటంటే, చర్చంతా మీడియా ధర చుట్టూనే తిరుగుతుంది. మీడియా పోయడం తేలికే, దాని చుట్టూ ఉన్నవే ప్లాంటుని నిలబెట్టేవి, ముంచేవి. అవుట్‌లెట్ జాలీ సరిగ్గా లేకపోతే ముక్కలన్నీ ప్రవాహంతో అటు చివరికి చేరి గుట్టపడి, ట్యాంకులో నీటిమట్టం పెరిగిపోతుంది. ముందున్న స్క్రీన్ ముతకదైతే వెంట్రుకలు, గుడ్డపీలికలు వచ్చి అదే జాలీకి చుట్టుకుంటాయి. గాలి సంగతి మరీ ముఖ్యం: ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి సుమారు 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి, అదీ పొర లోపలికి చొచ్చుకెళ్లాలి కాబట్టి మామూలు ఏరేషన్ ట్యాంకులో లీటరుకి 2 మిల్లీగ్రాముల డీవోతో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) సర్దుకున్నట్టు ఇక్కడ కుదరదు, 3 లేదా అంతకంటే ఎక్కువ పెట్టుకోవాలి. గాలి ఊదే పాత బ్లోవర్ అంత ఇవ్వగలదో లేదో లెక్క వేయకుండా మీడియా ఆర్డర్ పెట్టొద్దు, దయచేసి.

ట్యాంకు అడుగున గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్ చెడిపోతే ఏం చేస్తారో కూడా ముందే అడగండి. ట్యాంకు ఖాళీ చేయాలంటే ఆ మీడియానంతా పంపుతో తోడి ఎక్కడో పోసుకోవాలి, ఆ చోటు డ్రాయింగులో ఎవరూ చూపించరు.

కొత్త మీడియా మొదటి వారాల్లో పైనే తేలుతూ కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు, పొర పట్టేకొద్దీ నీళ్లలో కలుస్తుంది. కానీ మీ ప్లాంటుకి పెరిగింది కాలుష్యం కాదు, వచ్చే నీళ్ల పరిమాణమే అయితే, క్లారిఫయర్ వైశాల్యం ముందు చూసుకోండి, దాన్ని మీడియా పెంచలేదు.