మేడ మీంచి పరాయి గ్రహం: విశాఖలో ట్రాన్సిట్ పట్టిన నా అనుభవం

గ్రహం కనపడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది అర్థం చేసుకోవడం తేలిక. ట్రాన్సిట్ అంటే వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మనకీ ఆ నక్షత్రానికీ మధ్య అడ్డుగా దాటడం. అప్పుడు జరిగేదల్లా ఆ నక్షత్రం వెలుగు దాదాపు గంటా యాభై నిమిషాల పాటు 2.4 శాతం తగ్గి, మళ్లీ మామూలుకు రావడం. అది కూడా కంటికి తెలియదు. నాలుగు గంటల్లో తీసిన నాలుగు వందల పైచిలుకు ఫొటోలను ఒక్కొక్కటిగా కొలిచి గ్రాఫ్ గీస్తే, గీత మధ్యలో చిన్న గుంట పడుతుంది. గ్రహం జాడ ఆ గుంటే.

గుంట లోతు ఎంతుంటుందో మన సౌరకుటుంబం లెక్కతోనే తేలుతుంది. గురుగ్రహం వ్యాసం సూర్యుడి వ్యాసంలో పదో వంతు. సూర్యుడికి అడ్డొస్తే మూసేది వైశాల్యాన్ని కాబట్టి పదో వంతుని పదో వంతుతో గుణించాలి: ఒక శాతం. భూమి వ్యాసం 109వ వంతు, అంటే మూసేది సుమారు 12 వేలలో ఒక వంతు. దాన్ని ఏ మేడ మీంచీ కొలవలేం. కెప్లర్ లాంటి టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపింది అందుకే. మనకి కావలసింది పెద్ద గ్రహం, చిన్న నక్షత్రం, పైగా ఆ నక్షత్రం బాగా వెలగాలి. మూడూ కుదిరినవి చాలా తక్కువ. నేను ఎంచుకున్నది 2005లో కనిపెట్టిన హెచ్‌డీ 189733 బి. దాని నక్షత్రం ప్రకాశం 7.7 మాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసక), దూరం సుమారు 64 కాంతి సంవత్సరాలు. అది సూర్యుడి కంటే చిన్నది, గ్రహం గురుగ్రహం కంటే కొంచెం పెద్దది. అందుకే గుంట అంత లోతు.

నేరుగా దీని మీద పడొద్దు. ముందు రెండు కసరత్తులు చేశాను, రెండూ పనికొచ్చాయి. మొదటిది ఆల్గాల్. నవంబరు రాత్రుల్లో కృత్తికలకి ఉత్తరంగా కనిపించే ఈ చుక్క ప్రతి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి 2.1 నుంచి 3.4 మాగ్నిట్యూడ్‌కి మసకబారుతుంది. మొత్తం తతంగం పది గంటలు. దానికి అడ్డొచ్చేది గ్రహం కాదు, జంట నక్షత్రం. ఆ సంగతిని 1783లోనే గుడ్‌రిక్ అనే కుర్రవాడు ఊహించాడు. వెలుగు 70 శాతం పడిపోతుంది కాబట్టి తప్పులు చేస్తూ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చుక్క లేదు. రెండోది గురుగ్రహం చుట్టూ తిరిగే అయో. అది గురుడి నీడలోకి వెళ్లి మాయమయ్యే సమయాన్ని ఖగోళ పట్టికల్లో చూసి, మన గడియారంతో పోల్చాలి. ఇది చుక్కకి పరీక్ష కాదు, కెమెరా గడియారానికి. కెమెరాల గడియారాలు నెలలో నిమిషం తేడా చూపించడం మామూలే. పరిశీలన రోజు సాయంత్రం ఇంటర్నెట్ సమయంతో సరిచేయకపోతే గ్రాఫ్ ఎంత అందంగా వచ్చినా అందులోని సమయం చెత్తే.

ఎప్పుడు, ఎక్కడ అన్నది తర్వాత. అభిజిత్తు, శ్రవణం, హంసలోని డెనెబ్ కలిసి గీసే పెద్ద త్రిభుజం లోపల బాణం ఆకారంలో చిన్న చుక్కల గుంపు ఉంది. బాణం మొనకి మూడు డిగ్రీలు పైన ఎం27 అనే డంబెల్ నెబ్యులా (వాయుమేఘం). మన నక్షత్రం దానికి పావు డిగ్రీ తూర్పున ఉంటుంది, అంటే నిండు చంద్రుడి వెడల్పులో సగం. ఫొటోలో ఎం27 మసక మచ్చలా పడితే చాలు, పక్కన ఉన్న ప్రకాశమైన చుక్క మనదే.

విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఈ నక్షత్రం 22.7 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి నడినెత్తికి అయిదు డిగ్రీల ఉత్తరంగా దాటిపోతుంది. అక్టోబరు మధ్యలో చీకటి పడేసరికి దాదాపు నెత్తి మీద ఉండి, అక్కణ్నుంచి పడమటికి వాలుతుంది. నాలుగు గంటల సమయం దొరికేది అప్పుడే. నవంబరు మొదట్లో మూడు గంటలే మిగులుతుంది. చిక్కేమిటంటే అక్టోబరు మనకి తుపాన్ల నెల కూడా. హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే కదా. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున కూడా దొరుకుతుంది గానీ అప్పుడు గాలిలో చెమ్మ ఎక్కువ.

గ్రహం చుట్టు తిరిగే కాలం 2 రోజుల 5 గంటల 15 నిమిషాలు. తొమ్మిది చుట్లంటే 20 రోజులకి 47 నిమిషాలు తక్కువ. కాబట్టి ఒక రాత్రి మంచి సమయంలో ట్రాన్సిట్ ఉంటే, సరిగ్గా 20 రోజుల తర్వాత ముప్పావు గంట ముందుగా మళ్లీ ఉంటుంది. మధ్యలో, 11 రోజులకి, రెండుంపావు గంటలు ఆలస్యంగా మరొకటి. సీజన్‌కి మూడో నాలుగో అవకాశాలు, అందులో సగం మబ్బుకి పోతాయి. ఆన్‌లైన్ పట్టికల్లో సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, 5 గంటల 30 నిమిషాలు కలపాలి. సాయంత్రం పరిశీలనకి తేదీ మారదు. తెల్లవారుజామున నాలుగంటే మాత్రం యూటీసీలో ముందు రోజు రాత్రి పదిన్నర. ఇక్కడ పొరపాటు చేసి రోజంతా తప్పిపోయినవాళ్లు తక్కువ మందేమీ కాదు.

ఈ ఊరికి ట్రాన్సిట్ కొత్తేమీ కాదని ఇక్కడే చెప్పాలి. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖలో సొంత వేధశాల కట్టారు. తర్వాత దాన్ని నడిపిన ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. ఇప్పుడు మనం చేసేదీ అదే లెక్క. సూర్యుడే మారాడు.

నేను వాడిన సామగ్రి: 80 మిల్లీమీటర్ల అద్దం, 480 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న టెలిస్కోప్, మామూలు డీఎస్ఎల్ఆర్ బాడీ, చుక్కల కదలిక వెంట టెలిస్కోప్‌ని తిప్పే మోటారున్న చిన్న ఈక్వటోరియల్ మౌంట్. 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో కూడా పని అవుతుంది. పెద్ద టెలిస్కోప్ కొంటేనే కుదురుతుందనుకోవడం పొరపాటు.

మౌంట్ దగ్గర విశాఖ తన లెక్క చూపిస్తుంది. దాని అక్షాన్ని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. ధ్రువ నక్షత్రం మనకి ఉత్తర దిక్కున 17.7 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పక్కన అయిదంతస్తుల అపార్ట్‌మెంటో, సింహాచలం కొండల వైపు మబ్బో ఉంటే కనపడదు. కంపాస్‌ని నమ్మొద్దు, శ్లాబులోని ఇనుప చువ్వలు దాన్ని పక్కకి లాగేస్తాయి. నేను చేసేది మేస్త్రీలు వాడే తూకం గుండుని దారంతో వేలాడదీసి, సూర్యుడు నడినెత్తి రేఖ దాటే క్షణంలో దారం నీడ వెంట సుద్దముక్కతో గీత గీయడం. అదే అసలైన ఉత్తర దక్షిణ రేఖ. ఆ క్షణం పన్నెండు గంటలకి రాదు. విశాఖ మన గడియారాలకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి కాస్త తూర్పున ఉండటం వల్ల మూడు నిమిషాలు ముందు, నవంబరు మొదట్లో సూర్యుడి నడక తేడా వల్ల ఇంకో పదహారు నిమిషాలు ముందు. మొత్తం మీద సుమారు 11 గంటల 40 నిమిషాలకి. గీత ఒకసారి పెయింటుతో వేసుకుంటే ఏటేటా పనికొస్తుంది. ధ్రువుడు కనపడితే ఆ గీత మీద మౌంట్ పెట్టి చక్కదిద్దుకోవచ్చు. లేకపోతే తూర్పున, దక్షిణాన చెరో చుక్క ఎటు జారుతోందో చూసి సరిచేసే డ్రిఫ్ట్ పద్ధతే గతి, అరగంట పని.

అక్షం ఇంత వాలుగా ఉండటంతో ఇంకో ఇబ్బంది ఉంది. నక్షత్రం పడమటికి దిగేకొద్దీ బరువు గుండ్లున్న కడ్డీ కిందికి తిరుగుతూ వచ్చి ట్రైపాడ్ ఉత్తరపు కాలికి తగులుతుంది. తగిలితే మోటారు గింజుకుంటుంది, చుక్కలు గీతలవుతాయి, అదీ సరిగ్గా ట్రాన్సిట్ చివర్లో. ఉత్తరాన ఒక కాలు బదులు రెండు కాళ్లు చెరో పక్కా వచ్చేలా ట్రైపాడ్ తిప్పి పెడితే దారి దొరుకుతుంది. పగలే మౌంట్‌ని చేత్తో తిప్పి ఆఖరి వరకు వెళ్తుందో లేదో చూసుకోండి.

ఫోకస్ విషయంలో అలవాటుకి విరుద్ధంగా చేయాలి. చుక్కని సూదిమొనలా పెట్టకూడదు. ఫోకస్ కొంచెం తప్పించి, చుక్క ఇరవై పిక్సెళ్ల వెడల్పు పళ్లెంలా పడేలా చూడాలి. అప్పుడు ఏ ఒక్క పిక్సెలూ నిండిపోదు, మౌంట్ కాస్త కదిలినా తేడా అన్నిటి మీదా పంచుకుపోతుంది. ఐఎస్ఓ 200, ఎక్స్‌పోజర్ 30 సెకన్లు, రా ఫైళ్లు మాత్రమే. 30 సెకన్లు తగ్గించొద్దు. 80 మిల్లీమీటర్ల అద్దానికి గాలి వల్ల కలిగే మినుకు సెకను ఫొటోల్లో శాతానికి మించుతుంది, అరనిమిషం ఫొటోలో దాదాపు 0.3 శాతానికి దిగుతుంది. ఆపైన పది ఫొటోలకోసారి సగటు తీస్తే 2.4 శాతం గుంట స్పష్టంగా నిలుస్తుంది.

ఊరి వెలుతురు గురించి అందరూ భయపడతారు. నా అనుభవంలో ఈ పనికి అది రెండో స్థాయి శత్రువు. ఇంత వెలుగున్న చుక్క చుట్టూ ఆకాశం మెరుపు ఎంత ఉన్నా కొలిచి తీసేయవచ్చు. అసలు శత్రువు మంచు. సముద్రపు చెమ్మగాలికి రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా అద్దం మీద సన్నటి పొర మొదలవుతుంది. అది ఒక్కసారిగా రాదు, నెమ్మదిగా వెలుగు తగ్గిస్తూ వస్తుంది. గ్రాఫ్‌లో అచ్చం గ్రహం అడ్డొచ్చినట్టే కనిపిస్తుంది! అన్ని చుక్కలూ ఒకే నిష్పత్తిలో తగ్గితే పక్క చుక్కలతో చేసే పోలికలో కొట్టుకుపోయేది గానీ, మంచు పట్టిన అద్దంతో ఆ పోలికని నమ్మలేం. నివారణ సులభం: అద్దం అంచుకి చుట్టే డ్యూ హీటర్ పట్టీ, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. మంచు పట్టాక కాదు, మొదటి ఫొటో నుంచీ ఆన్‌లో ఉండాలి. ఏసీ గదిలోంచి టెలిస్కోప్ తెచ్చి నేరుగా మూత తీస్తే క్షణంలో తడిసిపోతుంది. బ్యాగు జిప్ తీయకుండా గంట సేపు మేడ మీద వదిలేయాలి. తుడవడం మాత్రం వద్దు, ఉప్పు రేణువులు అద్దాన్ని గీకేస్తాయి.

చిన్న చిన్నవి మరికొన్ని. శ్లాబు మీద ఎవరు నడిచినా చుక్కలు ఊగుతాయి కాబట్టి నాలుగు గంటలు మేడ మెట్ల దగ్గర కూర్చోవడమే. కింద ఎవరో నీళ్ల మోటారు వేసినా అంతే. వేడి తగ్గుతుందని శ్లాబు మీద నీళ్లు చల్లొద్దు, ఆ చెమ్మంతా అద్దానికే చేరుతుంది.

ట్రాన్సిట్‌కి ముందు, తర్వాత కనీసం ముప్పావు గంట చొప్పున ఫొటోలు ఉండాలి. గుంట లోతు ఎంతో తెలియాలంటే గట్లు కూడా కనపడాలి కదా. దిగడానికే సుమారు 25 నిమిషాలు పడుతుంది, అడుగు గంట సేపు ఉంటుంది. పూర్తయ్యాక కెమెరా కదపకుండా మూత పెట్టి తీసే డార్క్ ఫొటోలు ఇరవై, సాయంత్రం మసక వెలుతురులో తెల్ల బనియను గుడ్డ కప్పి తీసిన ఫ్లాట్‌లు ఇరవై. ఫ్లాట్‌లు ఎగ్గొడితే సెన్సర్ మీది ధూళి మచ్చల మీదుగా చుక్క జారినప్పుడల్లా గ్రాఫ్‌లో మెట్లు పడతాయి.

కొలత సాఫ్ట్‌వేర్లు ఉచితమే. సిరిల్‌లో ఫ్లాట్, డార్క్ దిద్దుబాట్లయ్యాక ఆకుపచ్చ చానెల్ విడదీస్తాను. అప్పుడు బొమ్మ సగం సైజుకి వస్తుంది, చుక్క పది పిక్సెళ్లవుతుంది. తర్వాత ఆస్ట్రోఇమేజ్‌జేలో చుక్క వెలుగు కొలవడానికి 9 పిక్సెళ్ల వ్యాసార్ధంతో వృత్తం, నేపథ్యానికి 15 నుంచి 25 వరకు వలయం. ఇక పోలిక చుక్కలు ఎంచుకోవాలి. అసలు నేర్పు ఇక్కడే. మన నక్షత్రం నారింజ రంగుది. పక్కనున్న నీలి చుక్కని పోలికకి తీసుకుంటే, ఆకాశంలో కిందికి దిగేకొద్దీ గాలి నీలాన్ని ఎక్కువగా తినేస్తుంది, గ్రాఫ్ మొత్తం ఏటవాలుగా వంగుతుంది. రంగు, ప్రకాశం దగ్గరగా ఉన్నవి మూడు నాలుగు తీసుకుని వాటిని వాటితోనే పోల్చి చూడాలి. వాటి మధ్య గీత చదునుగా ఉంటేనే మన గుంటని నమ్మవచ్చు. వాటిలో ఒకటి తానే మినుకుమనే చంచల నక్షత్రం కావచ్చు, దాన్ని తీసేయాలి.

గుంట 2.4 శాతం వస్తే వర్గమూలం 0.155, అదే గ్రహం, నక్షత్రం వ్యాసార్ధాల నిష్పత్తి. నక్షత్రం వ్యాసార్ధం సూర్యుడిలో సుమారు 0.78 వంతు, అంటే 5 లక్షల 43 వేల కిలోమీటర్లు. గుణిస్తే గ్రహం వ్యాసార్ధం 84 వేల కిలోమీటర్లు. గురుగ్రహానిది 71,500. ఒక సంవత్సరమంటే దానికి మన రెండుంపావు రోజులు. ఉండేది తన సూర్యుడికి 46 లక్షల కిలోమీటర్ల దూరంలో, బుధుడి దూరంలో పన్నెండో వంతు. ఇంత దగ్గరగా తిరిగే రాక్షస గ్రహాలున్నాయని 1995కి ముందు చెప్తే నమ్మేవాళ్లు కాదు. ఆ ఏడాది 51 పెగాసి బి ని కనిపెట్టిన మేయర్, కెలోజ్‌లకి 2019లో నోబెల్ వచ్చింది.

సమయాన్ని పట్టికతో పోల్చేటప్పుడు ఇంకో దిద్దుబాటు తప్పదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ కొన్నాళ్లు నక్షత్రానికి దగ్గరగా, కొన్నాళ్లు దూరంగా ఉంటుంది. వెలుగు చేరే సమయంలో అటూ ఇటూ ఆరు నిమిషాల దాకా తేడా వస్తుంది. ఆస్ట్రోఇమేజ్‌జేలో నక్షత్రం స్థానం, మన అక్షాంశం, రేఖాంశం సరిగ్గా ఇస్తే అదే సరిచేస్తుంది. ఇవ్వకుండా, గ్రహం ముందే వచ్చేసిందని సంబరపడొద్దు. ఈ సామగ్రితో మధ్య సమయం రెండు మూడు నిమిషాల ఖచ్చితత్వంతో వస్తే బాగా చేసినట్టే.

తర్వాతి మెట్టు హెచ్‌డీ 209458 బి. 1999లో మొదటిసారి ట్రాన్సిట్ దొరికిన గ్రహం ఇదే. ప్రకాశం అంతే గానీ గుంట 1.6 శాతమే, పైగా మూడు గంటలు సాగుతుంది, అటూ ఇటూ గట్లతో కలిపి అయిదు గంటల పని. అది విశాఖలో దాదాపు సరిగ్గా నడినెత్తిన దాటుతుంది కాబట్టి మౌంట్‌ని తూర్పు నుంచి పడమటికి తిప్పక తప్పదు. తిప్పితే చుక్క సెన్సర్ మీద అవతలి మూలకి పోయి గ్రాఫ్‌లో మెట్టు పడుతుంది. ఆ తిప్పడం గుంట మొదలయ్యేలోపే అయిపోయే రాత్రినే ఎంచుకోండి.