నాకు సుఖంగా ఉండే డిజైనర్ బట్టలు దొరకడానికి మూడేళ్ళు పట్టింది

డిజైనర్ బట్టలంటే చూడ్డానికి బాగుంటాయి, ఒంటికి మాత్రం సుఖం ఉండదు, అది భరించాల్సిందే అని చాలా ఏళ్ళు నేనూ నమ్మాను. నా మొదటి డిజైనర్ జాకెట్‌తో ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. ట్రయల్ రూమ్ అద్దంలో అదిరిపోయింది, భుజాలు నిటారుగా, నడుం దగ్గర పట్టినట్టు... అదే వేసుకుని ఆఫీసులో ప్రెజెంటేషన్ ఇస్తూ బోర్డు మీద రాద్దామని చెయ్యి పైకెత్తేసరికి జాకెట్ మొత్తం చేత్తో పాటే పైకి లేచింది, కాలర్ మెడని వదిలేసి వెనక్కి జరిగింది, చొక్కా సగం బయటికొచ్చేసింది. మిగతా అరగంట మోచేతులు ఒంటికి ఆనించుకునే మాట్లాడాను.

సరే బిగుతు ఎక్కువైందేమో అని ఇంకోసారి ఒక సైజు పెద్దది తీసుకున్నా. అది ఇంకా ఘోరం. భుజాలు జారిపోయాయి, చెయ్యెత్తితే అదీ లేచింది. వదులు పెరిగితే కదలడం తేలికవ్వాలి కదా, ఎందుకు అవ్వట్లేదో నాకు అస్సలు అర్థం కాలేదు.

చివరికి రెండూ పట్టుకుని ఒక టైలర్ దగ్గరికెళ్ళా. పెద్దాయన, జాకెట్ వేసుకోమని, చెయ్యెత్తమని, చాక్‌పీస్‌తో చంక కింద చిన్న గీత గీసి, "చూడు బాబూ, నీ చంక ఇక్కడుంది, దీని ఆర్మ్‌హోల్ ఇంత కిందకుంది, చెయ్యి లేపితే ఈ పక్క గుడ్డంతా లాక్కుని రాక ఏం చేస్తుంది" అన్నారు. ఆ ఒక్క మాటతో నా కళ్ళు తెరుచుకున్నాయి. ఆర్మ్‌హోల్ అంటే జాకెట్‌కి చెయ్యి కుట్టే చోట ఉండే రంధ్రం, అది చంకకి దగ్గరగా పైకి ఉంటే చెయ్యి దాని మానాన అది తిరుగుతుంది, బాడీ కదలదు. చూడ్డానికి అదే బిగుతుగా కనిపిస్తుంది గానీ వేసుకుంటే అదే సుఖం. మరి దీన్ని సరిచేయండి అంటే, నడుం తగ్గించొచ్చు, చేతుల పొడవు తగ్గించొచ్చు, కానీ కిందకి కోసేసిన ఆర్మ్‌హోల్‌ని పైకి తేవాలంటే అక్కడ గుడ్డే లేదు కదా అన్నారు. అందుకే కొనేముందే చూసుకోవాల్సిన మొదటి విషయం ఇదే అని నా అభిప్రాయం.

అక్కణ్ణుంచి బట్టల్ని లోపలివైపు తిప్పి చూడ్డం అలవాటైపోయింది. మామూలు కోటు లోపల ఛాతీ దగ్గర కాన్వాసో అతికించిన గుడ్డో, భుజాల్లో ప్యాడ్లు, ఆపైన లైనింగ్, ఇన్ని పొరలుంటాయి. 1970ల్లో ఇటలీ డిజైనర్ జార్జియో అర్మానీ పేరు తెచ్చుకుంది వీటిలో చాలావరకు తీసేసే, దాంతో జాకెట్ మెత్తగా జారి ఒంటి మీద పడ్డం మొదలుపెట్టింది. అన్‌స్ట్రక్చర్డ్ అని ట్యాగ్ మీద రాసుండే జాకెట్లు ఆ దారిలోవే. నేను మొదటిసారి అలాంటి లినెన్ జాకెట్ వేసుకున్నప్పుడు చొక్కా మీద ఇంకో చొక్కా వేసుకున్నంత తేలిగ్గా అనిపించింది, కానీ ఒకటి చెప్పాలి, ప్యాడ్ లేకపోతే మన భుజం ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది, నా కుడి భుజం ఎడమదానికంటే కొంచెం కిందికుందని నాకు అప్పుడే తెలిసింది.

ప్యాంట్ల దగ్గర నాకు బాధంతా రైజ్ వల్లే, అంటే కాళ్ళు కలిసే కుట్టు దగ్గర్నుంచి నడుం పట్టీ దాకా ఉండే ఎత్తు. లో-రైజ్ ప్యాంటులో రోజంతా కుర్చీలో కూర్చుంటే పట్టీ పొట్టలోకి దిగబడేది, రాత్రి విప్పేసరికి బటన్ గుండ్రంగా ఎర్రగా అచ్చు పడి ఉండేది. రైజ్ ఎక్కువుండి ముందు రెండేసి ప్లీట్స్ ఉన్న ప్యాంటుకి మారాక ఆ అచ్చు లేదు, కూర్చున్నప్పుడు ఆ మడతలు విచ్చుకుని తొడలకి చోటిస్తాయి, లేచి నిలబడితే మళ్ళీ మూసుకుంటాయి. పాతకాలం డిజైన్ అనుకునేవాణ్ణి, దాని పని అదని తెలీదు.

నేను పూర్తిగా తప్పని తేలింది పాలిస్టర్ విషయంలో. కాటన్, లినెన్ తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదని పట్టుదలగా ఉండేవాణ్ణి. జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే మగవాళ్ళ కోసం 2013లో మొదలుపెట్టిన ఓమ్ ప్లిస్సే అనే బ్రాండ్ ప్యాంటు ఒక ఫ్రెండ్ వేసుకుని చూడమంటే మొహమాటానికి వేసుకున్నా. సన్నటి మడతలు నిలువునా, ఒకదాని పక్కన ఒకటి. గుడ్డని కావాల్సిన సైజు కంటే చాలా పెద్దగా కత్తిరించి, కుట్టేశాక అప్పుడు వేడితో, ఒత్తిడితో మడతలు పెడతారు, పాలిస్టర్ కాబట్టే ఆ మడత ఉతికినా పోదు. ఒంటికి తగిలేది మడతల అంచులే, మధ్యలో గాలి ఆడుతుంది. ఇస్త్రీ అక్కర్లేదు, తొందరగా ఆరుతుంది, చుట్టి బ్యాగులో పడేసి తీసి వేసుకోవచ్చు. ఆ తర్వాత గుడ్డ పేరు చూసి పక్కన పెట్టడం మానేశాను.

ఇప్పుడు ట్రయల్ రూమ్‌లో నేను అద్దం చివర్లో చూస్తా. ముందు రెండు చేతులూ పైకెత్తుతా, తర్వాత ఎవరినో కౌగిలించుకున్నట్టు ముందుకి చాపి వీపు పట్టేస్తుందేమో చూస్తా, స్టూల్ ఉంటే ఐదు నిమిషాలు కూర్చుంటా, వంగి షూ లేస్ కట్టుకుంటా. బయట వెయిట్ చేసేవాళ్ళు తొందరపెట్టినా సరే, ఇందులో ఏదీ వదలను. సాగే దారం ఎలాస్టేన్ రెండు శాతం కలిసినా ప్యాంటు మోకాళ్ళ దగ్గర తేడా తెలుస్తుంది, కాకపోతే వేడికి అది త్వరగా పాడవుతుంది, అందుకని చన్నీళ్ళలో ఉతికి నీడలో ఆరేస్తున్నా.

ఇంకో చిన్న విషయం, మెడ వెనక లేబుల్. ఎంత మంచి చొక్కా అయినా దాని గరుకు మూల గుచ్చుతుంటే రోజంతా మనసు అక్కడే ఉంటుంది. కత్తెరతో కోస్తే మిగిలిన ముక్క ఇంకా గుచ్చుతుంది, కుట్లు విప్పే చిన్న రిప్పర్‌తో ఒక్కొక్క కుట్టూ తీయాలి, కాలర్ కుట్టు తెగకుండా. మొన్న కొత్త చొక్కాకి పది నిమిషాలు పట్టింది, తీసేసి వేసుకుని సాయంత్రం దాకా దాన్ని వేసుకున్న సంగతే గుర్తు రాలేదు.