లిబరేటర్ కుడి రెక్క మళ్ళీ తెల్లబారింది

మళ్ళీ తెల్లబారింది. నేను కడుతున్న లిబరేటర్ బాంబరు ప్లాస్టిక్ మోడల్‌కి, వెండి రంగు కింద వేసే నలుపు కొట్టాను. ఎడమ రెక్క నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. కుడి రెక్క మీద మాత్రం, బాడీకీ లోపలి ఇంజన్‌కీ మధ్య మూడు సెంటీమీటర్లు కూడా లేని ఆ సందులో, రంగు ఆరేసరికి మజ్జిగ తేటలా పొర కట్టింది. వేలితో రుద్దితే పోదు, తుడిస్తే పోదు. దీని మీద వెండి రంగు కొడితే ఆ మచ్చ ఇంకా పైకి తేలుతుంది. ఇవాళ నిజంగా ఏడుపొచ్చింది.

ఢిల్లీ పాలంలోని ఎయిర్ ఫోర్స్ మ్యూజియం విమానాలన్నీ 1/72లో (అసలులో 72వ వంతు సైజులో) కట్టి ఒకే అల్మరాలో పెట్టాలన్నది నా పంతం. హరికేన్, స్పిట్‌ఫైర్, వాంపైర్, హంటర్ అయిపోయాయి. ఇప్పుడు బి-24 లిబరేటర్ వంతు, హసెగావా కిట్. రెక్కల కొస నుంచి కొసకి 46 సెంటీమీటర్ల పైచిలుకు, అల్మరాలో ఒక అర మొత్తం దీనికే పోతుంది. పోనీ, ఆ అర దీనికే ఇవ్వాలి. పాలంలో ఉన్నవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ దీనిదే.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, అమెరికా లెండ్-లీజ్ (యుద్ధకాలపు అరువు ఒప్పందం) కింద బ్రిటన్‌కి ఇచ్చిన లిబరేటర్లు కాన్పూరులో గుట్టగా మిగిలిపోయాయి. వాటిని మళ్ళీ ఎవరూ ఎగరెయ్యకుండా పాడుచేసి వదిలేసి వెళ్లారు. ఆ తుక్కులోంచే మన బెంగళూరు విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్లు దాదాపు 40 విమానాలను బతికించారు. టెస్ట్ పైలట్ జిమ్మీ మున్షీ వాటిని కాన్పూరు నుంచి బెంగళూరుకి నడుపుకుంటూ తెచ్చారు. పూర్తి మరమ్మతు కాని నాలుగింజన్ల బాంబరుని అంత దూరం తీసుకెళ్లడమంటే ఎంత గుండె ధైర్యం కావాలి! 1948 నవంబరులో 5వ స్క్వాడ్రన్ వీటితోనే మొదలైంది. తరువాత 6వ స్క్వాడ్రన్ వీటితో సముద్రం మీద నిఘా కాసింది. 1968 దాకా పనిచేశాయి. అప్పటికి అమెరికాలో, ఇంగ్లండ్‌లో లిబరేటర్లను ఎప్పుడో కరిగించేశారు. 18 వేలకు పైగా తయారైన విమానం మ్యూజియంలకి కావాలంటే ఇండియా వైపు చూడాల్సి వచ్చింది. కెనడా మ్యూజియంలో ఉన్నది మన దగ్గరి నుంచి వెళ్లిందే. అమెరికాలో పీమా మ్యూజియంలో ఉన్నదీ మనదే. 1974లో బ్రిటన్ ఆర్ఏఎఫ్ మ్యూజియానికి మనవాళ్లు కానుకగా ఇచ్చినది ఇక్కడి నుంచి ఎగురుకుంటూనే వెళ్లింది. నేను వేస్తున్న నంబరు దానిదే, హెచ్ఈ 807. అందుకే దీన్ని ఎలాగోలా ముగించేసి అల్మరాలో తోసెయ్యడానికి మనసొప్పడం లేదు.

మిగతా పని ఒక్క ముక్కలో: ముక్కులో వలకి కట్టే సీసం గుళ్లు 50 గ్రాములు పోశాను, తోక మీద కూర్చోవడం లేదు. అద్దాల మీద రంగు పడకుండా అంటించే మాస్కులు ఎడ్యువార్డ్ కంపెనీవి, అతికినట్టు సరిపోయాయి. చక్రాలు, టరెట్లు (తుపాకీ గూళ్లు) అయిపోయాయి.

ఇక అసలు గొడవ. బేర్ మెటల్ (రంగు వెయ్యని లోహపు మెరుపు) రావాలంటే కింద నిగనిగలాడే నలుపు తప్పదు, నలుపు ఎంత నునుపుగా ఉంటే వెండి అంత బాగా వస్తుంది. నాది లాకర్ (థిన్నర్ ఆవిరై త్వరగా ఆరే రంగు) నలుపు, రంగు ఒక వంతు, థిన్నర్ రెండు వంతులు, గాలితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్‌కి 0.3 నీడిల్, 18 పీఎస్ఐ గాలి ఒత్తిడి, పది సెంటీమీటర్ల దూరం. వాంపైర్‌కి ఇదే లెక్కతో చక్కగా వచ్చింది, కాకపోతే అది ఏప్రిల్. ఇప్పుడు సార్వా నాట్లు పడి, చుట్టూ చేలల్లో నీళ్లు, వాటి అవతల చేపల చెరువులు. భీమవరంలో ఈ రోజుల్లో గాలిని పిండితే నీళ్లొస్తాయి.

మొదటి అనుమానం బ్రష్‌కి గాలి అందించే కంప్రెసర్ మీద. లెక్క వేశాను. 30 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉంటే ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 26 గ్రాముల నీరుంటుంది. ట్యాంకు గేజి మీద 4 బార్ దాకా నిండితే (బయటి గాలి ఒత్తిడితో కలిపి 5) ఆ గాలి అయిదో వంతు జాగాలోకి దిగుతుంది. అందులో ఆవిరిగా నిలిచేది 6 గ్రాములే, మిగతా 20 గ్రాములూ నీళ్లై ట్యాంకు అడుగున చేరాలి. డ్రెయిన్ మర విప్పితే నిజంగానే తుప్పు రంగు నీళ్లు కారాయి. ట్యాంకు ఖాళీ చేసి, గొట్టం మధ్యలో ఇంకో వాటర్ ట్రాప్ వేసి, మళ్ళీ కొట్టాను. తెలుపు తగ్గలేదు. నీటి బొట్లు పడితే రంగు మీద చిన్న చిన్న గుంటలు పడాలి, ఇలా సమానంగా పొర కట్టకూడదు. కాబట్టి కంప్రెసర్ది కాదు తప్పు.

రెండో అనుమానం థిన్నర్. హార్డ్‌వేర్ షాపులో దొరికే, త్వరగా ఆరే ఎన్‌సీ థిన్నరూ, నెమ్మదిగా ఆరే మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నరూ రెండూ ప్లాస్టిక్ చెంచాల మీద పక్కపక్కన కొట్టి చూశాను. పొద్దున్న ఆరింటికి ఎన్‌సీతో కొట్టిన చెంచా నిమిషంలో తెల్లబారింది, లెవెలింగ్‌తో కొట్టినదానికి అంచున మాత్రం పలచటి పొర. మధ్యాహ్నం రెండింటికి రెండూ నల్లగానే నిలిచాయి. థిన్నర్ తేడా ఉంది, కానీ వేళ తేడా దానికన్నా పెద్దది.

ఆ చెంచాలు చూసి రైసు మిల్లులో పనిచేసే మావయ్య ఒకటే మాటన్నాడు. "ఏరా అల్లుడూ, మంచు విడవకుండా తెల్లారగట్ల ధాన్యం ఆరబోస్తారా ఎవరైనా? ధాన్యానికి 17 శాతం చూస్తాం, నీ గదికి ఎంతో చూడు ముందు." గోడౌన్‌లో పెట్టే తేమ మీటరు కూడా తెచ్చిచ్చాడు. పొద్దున్న 30 డిగ్రీలు, 85 శాతం. మధ్యాహ్నం 34 డిగ్రీలు, 60 శాతం.

ఈ అంకెలతో అంతా విడిపోయింది. పొద్దున్న గాలికి మంచు బిందువు 27 డిగ్రీలు, అంటే ఏ వస్తువైనా గది కన్నా మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని మీద తేమ దిగుతుంది. లాకర్ థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రంగు పొరలోని వేడిని లాక్కుంటుంది. ఎంత త్వరగా ఆరితే అంత చల్లబరుస్తుంది. తడి రంగులో దిగిన తేమే ఆ తెలుపు. మధ్యాహ్నం మంచు బిందువు 25, గది 34, తొమ్మిది డిగ్రీల వెసులుబాటు. జపాన్ వాళ్ల డబ్బా మీద రాసిన పాళ్లు మన శ్రావణ భాద్రపదాలకి రాసినవి కావు. ఇక్కడ గడియారం, మీటరు చూసి కలుపుకోవాలి.

మరి మధ్యాహ్నమే కొట్టినా కుడి రెక్క ఎందుకు తెల్లబారింది? ఇక్కడే చిక్కు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తూ కొట్టాను. కొట్టకముందు రెక్క 34. ఒక పలచటి పూతకి 30కి పడింది, రెండు నిమిషాల్లో మళ్ళీ 33. ఆ సందులో మాత్రం బ్రష్ అటూ ఇటూ తిప్పడానికి జాగా లేదు. ఒకవైపు బాడీ గోడ, ఇంకోవైపు ఇంజన్ గూడు, గాలి అక్కడే సుడి తిరిగి రంగు చేరుతుంది. పొర మందం పెరిగి 26కి దిగింది, అయిదు నిమిషాలైనా 29 దాటలేదు. థర్మామీటరు ఒక వేలి వెడల్పు జాగా సగటు చూపిస్తుంది కాబట్టి, మూలలో 25 లోపే ఉండొచ్చు. అదీ కాక థిన్నర్ ఆవిరి సందులోంచి బయటికి పోవడానికి ఆలస్యం. ఈ రెక్క అసలే సన్నం. డేవిస్ డిజైన్ అంటే ఇదే, పొడుగెక్కువ, వెడల్పు తక్కువ, మొదట్లో ఆరు సెంటీమీటర్లే. పల్చటి ప్లాస్టిక్‌లో వేడి నిలవదు.

అయితే ఎడమ సందు ఎందుకు బాగా వచ్చింది? నా ఊహ: నేను కుడిచేతి వాటం. ఎడమ సందులోకి బ్రష్ ఏటవాలుగా దిగుతుంది, కుడి సందులోకి నిటారుగా దిగుతుంది. నిటారుగా కొడితే గాలి మూలని తాకి అక్కడే తిరుగుతుంది. తేల్చుకోవడానికి ఇంజన్ గూడంత అట్టగొట్టం ఒక ప్లాస్టిక్ పలక మీద అతికించి రెండు కోణాల్లోనూ కొట్టాలి.

తెల్లబారినదాన్ని తిరిగి నలుపు చెయ్యడానికి లెవెలింగ్ థిన్నర్ ఒక్కటే, రంగు కలపకుండా, 12 పీఎస్ఐ దగ్గర మంచులా చల్లి చూశాను. బాడీ మీద పొర కరిగి తేమ పోయింది, నిగనిగ తిరిగొచ్చింది. సందులో పనిచెయ్యలేదు, పైగా ప్యానెల్ గీతలు (విమానపు రేకుల అతుకుల్ని చూపే సన్న గీతలు) పూడిపోతున్నాయి. హసెగావా గీతలంత సన్నగా ఇంకెవరూ గియ్యరు, వాటిని పూడ్చుకోవడం నా వల్ల కాదు. అందుకని ఆ మూల మొత్తం 2000 నంబరు ఉప్పు కాగితంతో తడిపి తీసేశాను.

ఈసారికి అనుకుంటున్నది ఇదీ: మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర లోపే పని. ముందు హెయిర్ డ్రయ్యర్‌తో దూరం నుంచి రెక్కని 38కి తేవాలి. సందు తప్ప మిగతాదంతా టేపుతో మూసి, రంగు ఒకటికి థిన్నర్ మూడు, 12 పీఎస్ఐ, పూతకీ పూతకీ మధ్య పది నిమిషాలు. మోడల్‌ని తలకిందులుగా తిప్పి పట్టుకుంటే కుడి సందులోకి కూడా ఏటవాలుగా దిగొచ్చు. అప్పటికీ రాకపోతే సంక్రాంతి దాకా ఆపుతాను. జనవరి మధ్యాహ్నం 28 డిగ్రీలు, 55 శాతం ఉంటే మంచు బిందువు 18. పది డిగ్రీల వెసులుబాటు అంటే దర్జాగా కొట్టొచ్చు.

అల్యూమినియం రేకు అంటించమని కొందరంటారు. గ్నాట్ లాంటి చిన్న పిట్టకి సరే, ఇంత పెద్దదానికి ముడతలతోనే సగం ఏడాది పోతుంది. నీళ్ల ఆక్రిలిక్ నలుపుకి తెల్లబారే జబ్బు లేదు గానీ ఈ తేమలో రెండు రోజులకి కూడా గట్టిపడదు, వేలిముద్ర పడుతుంది. వెండికి మాత్రం నా ఓటు ఆల్‌క్లాడ్ కంపెనీ లోహపు రంగుకే. నలుపు కుదిరితే దానికి వంక పెట్టలేం.

ఈ లోపు ఊరికే కూర్చోను. రెండు వరసల రెక్కల పాత విమానం వాపిటి మొదలుపెడతాను. 1933 ఏప్రిల్ 1న కరాచీలో నాలుగు వాపిటిలతోనే మన వైమానిక దళం తొలి స్క్వాడ్రన్ మొదలైంది, వాటి జాతిలో ప్రపంచానికి మిగిలిన ఒకే ఒక్కటి పాలంలో ఉంది. రెండు రెక్కల మధ్య తీగలకి చేపల వల నైలాన్ దారం చాలా లావు, నరసాపురం లేసు దారం పోగులు విడదీసి చూడాలి. జపాన్ వాళ్ల ఆత్మాహుతి విమానం ఓకా కూడా పాలంలో ఉంది, చిన్నది, ఒక ఆదివారం పని. దాన్ని లిబరేటర్ పక్కనే పెట్టాలని ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, మన కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఈ అల్మరా చూడటానికి వచ్చే పిల్లలకి ఆ సంగతి ఇక్కడ నిలబెట్టే చెప్పొచ్చు.

దసరా సెలవులకి విశాఖ వెళ్తున్నాం. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా ఉన్న టీయూ-142 కొలతలు నాకు కావాలి. 1988 నుంచి 2017 మార్చి దాకా నేవీలో పనిచేసిన విమానం అది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు, మొత్తం ఎనిమిది. అసలు రెక్కలు 50 మీటర్లు కాబట్టి 1/72లో 69 సెంటీమీటర్లు, ఏ అరలోనూ పట్టదు. 1/144 అయితే 35, సరిపోతుంది. ప్రొపెల్లర్ల వెనక మసి ఎంత దూరం పాకిందో దగ్గర నుంచి ఫొటోలు తీసుకోవాలి. ఇంజన్ గూళ్లని ఈసారి రెక్కకి అతికించకుండా విడిగానే రంగు వేస్తాను.